కొత్త బాయిలర్ పెట్టించాక గ్యాస్ బిల్లు పెరిగింది, ఎందుకంటారు?

చలిమంట (రీడింగ్, ఇంగ్లండు)
2025 జనవరి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మా పని.

మాది 1930ల నాటి మూడు బెడ్‌రూముల సెమీ, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన ఇల్లు. 2002లో పెట్టిన పాత బాయిలర్, పైన కబ్బర్డులో వేడినీళ్ల సిలిండర్ ఉండేవి. సెప్టెంబరులో రెండూ తీయించి 30 కిలోవాట్ల కాంబి బాయిలర్ (సిలిండర్ లేకుండా హీటింగ్‌కీ కుళాయికీ తనే నీళ్లు కాచేది) పెట్టించాను. స్టిక్కర్ మీద "ఏ" (A) రేటింగ్, అంటే గ్యాస్ పొదుపుగా వాడుతుందని. "నీ గ్యాస్ నాలుగో వంతు తగ్గిపోతుంది చూడు" అన్నాడు పెట్టినాయన.

2023 నవంబరు, డిసెంబరు కలిపి 3,120 యూనిట్లు (యూనిట్ అంటే కిలోవాట్ అవర్), 215 పౌండ్లు. 2024లో అవే రెండు నెలలకి 4,160 యూనిట్లు, 260 పౌండ్లు. రోజువారీ చార్జీ కలపకుండా చెబుతున్నాను. పెట్టినాయనకి ఫోన్ చేస్తే "బాయిలర్ బ్రహ్మాండంగా పని చేస్తోంది, ఈ ఏడు చలి ఎక్కువ" అని పెట్టేశాడు. మూడు వేల పౌండ్లు పోసి బిల్లు పెంచుకున్నానా? టెన్షన్‌గా ఉంది.

హౌన్స్‌లో_వాడు
జనవరి 8, రాత్రి 10:05

రేట్లు పెంచారు కదా బ్రదర్. మొన్న ఒకటో తారీఖున మళ్లీ ప్రైస్ క్యాప్ (కంపెనీలు వసూలు చేయగల గరిష్ఠ రేటు) పెరిగింది. బాయిలర్‌ని ఎందుకు తిడతారు.

మిల్టన్‌కీన్స్_మావయ్య
జనవరి 8, రాత్రి 11:20

రేట్ల మాట తప్పు. 2023 చివర్లో క్యాప్ ప్రకారం గ్యాస్ యూనిట్ 6.89 పెన్నీలు. 2024 చివర్లో 6.24. మొన్న జనవరిలో పెరిగింది నిజమే కానీ 6.34 అయింది, అంతే. అంటే ఈయన పోల్చిన నెలల్లో రేటు తగ్గింది. రేటు తగ్గినా బిల్లు పెరిగిందంటే గ్యాస్ బాగా ఎక్కువ కాలింది. పౌండ్లలో చూస్తే ఐదో వంతు పెరిగినట్టుంది, యూనిట్లలో చూస్తే మూడో వంతు. అందుకే ఎప్పుడూ పౌండ్లు చూడకూడదు, యూనిట్లు చూడాలి. 2022లో జనం మొత్తం దీని మీదే మోసపోయారు. ఏడాదిలో రేటు రెట్టింపు దాటింది, తప్పేమో ఆ ఏడాది కొన్న కొత్త బాయిలర్లదీ కొత్త కిటికీలదీ అనుకున్నారు.

చలి ఎక్కువ అన్నదీ కుదరదు. రెండేళ్లూ డిసెంబరు మామూలు కన్నా వెచ్చగానే గడిచింది.

చలిమంట బాబూ, పాత బిల్లు తీసి చూడు. రీడింగ్ పక్కన ఇ (E) అక్షరం ఉందా, లేక నువ్వే చదివి పంపిన అంకెనా? ఇ అంటే వాళ్లు ఊహించి వేసిన అంకె. ఇంకోటి, మీటర్ మార్చారా? మాకు ఒకసారి మీటర్ మార్చారు. పాతది వందల ఘనపు అడుగుల్లో చూపించేది, కొత్తది ఘనపు మీటర్లలో. కంపెనీ వాళ్లు తమ లెక్కల్లో మాత్రం పాతదే ఉంచేశారు. అడుగుల మీటర్‌కి 2.83తో హెచ్చవేస్తారు. అది మా మీటర్ల మీటర్‌కి కూడా వేసేసరికి బిల్లు మూడింతలకి దగ్గరగా వచ్చింది. నాలుగు నెలలు ఉత్తరాలు రాశాను.

చలిమంట
జనవరి 9, ఉదయం 7:15

మావయ్య గారూ, దొరికింది! 2023 డిసెంబరు 31 రీడింగ్ పక్కన ఇ ఉంది. ఫిబ్రవరిలో నేను మీటర్ చదివి పంపినప్పుడు 700 యూనిట్లు ఒకేసారి అదనంగా పడ్డాయి. అప్పుడు పట్టించుకోలేదు. మీటర్ మాత్రం మార్చలేదు.

మిల్టన్‌కీన్స్_మావయ్య
జనవరి 9, ఉదయం 8:30

ఆ 700లో నవంబరు, డిసెంబరు వాటా 440 దాకా పోతుంది. అంటే నీ అసలు పాత వాడకం 3,560 చుట్టూ. ఇప్పుడు 4,160. మూడో వంతు కాదు, ఆరో వంతు పెరిగింది. సగం దెయ్యం పోయింది. మిగతా సగం పంతులు గారు వదిలించాలి.

పైపులపంతులు
జనవరి 9, సాయంత్రం 6:50

పిలిచారు కాబట్టి వచ్చాను. నేను ఇళ్ల బాయిలర్లు పెట్టను, బడులకీ ఆసుపత్రులకీ హీటింగ్ డిజైన్ చేస్తాను. సూత్రం ఒకటే.

మావయ్య గారు సగం దెయ్యం అన్నారు కానీ, నా లెక్కలో దెయ్యం ఇంకా పెద్దది. 2002 బాయిలర్ నూటికి డెబ్బై వంతులు వేడి ఇచ్చేదనుకోండి. కొత్తది తొంభై ఇస్తే, అదే ఇల్లు అదే వెచ్చదనానికి 3,560 కాస్తా 2,770 కావాలి. మీరు పోల్చాల్సింది దీంతో. సుమారు 1,400 యూనిట్లు ఎటో పోతున్నాయి.

నాలుగు ప్రశ్నలు. బాయిలర్ మీద రేడియేటర్ (గదుల్లో వేడినీళ్లు పారే పలక) బొమ్మ పక్కన అంకె ఎంత? థర్మోస్టాట్ ముందు ఎంత, ఇప్పుడు ఎంత? రోజుకి ఎన్ని గంటలు నడుస్తోంది? ఇంట్లో మనుషులు పెరిగారా?

చలిమంట
జనవరి 9, రాత్రి 8:10

రేడియేటర్ బొమ్మ పక్కన 75. పెట్టినప్పటి నుంచీ అంతే, నేను ముట్టుకోలేదు.

థర్మోస్టాట్ ముందు 19. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఐదు గంటలు. ఇప్పుడు 22, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా. అక్టోబరులో అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు, ఏప్రిల్ దాకా ఉంటారు. అమ్మకి చలి. స్వెటర్ వేసుకోవే అంటే చీర మీద బాగుండదంటుంది.

ఇదంతా రాస్తుంటే నాకే అర్థమవుతోంది :(

లీడ్స్_లేత_ఎండ
జనవరి 9, రాత్రి 8:45

ఈ లెక్కలు మీ అమ్మగారి ముందు మాట్లాడకండి దయచేసి. మా అత్తగారు ఒకసారి బిల్లు చూసి, ఆ తర్వాత నెలంతా దుప్పటి కప్పుకుని కూర్చున్నారు, హీటింగ్ వేస్తే లేచి వెళ్లి ఆపేవారు. ఆఖరికి ఛాతీలో నిమ్ముతో ఆసుపత్రిలో నాలుగు రోజులు. ఇంట్లో 18 డిగ్రీల కన్నా తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, పెద్దవాళ్లకి ఇంకా కాస్త ఎక్కువే కావాలి. డబ్బు ఇంకెక్కడైనా మిగుల్చుకోండి.

చలిమంట
జనవరి 9, రాత్రి 9:00

లేదండీ, అమ్మకి చెప్పను. 22 తగ్గించే ఉద్దేశం లేదు. మిగతాది ఎక్కడ పోతోందో తెలిస్తే చాలు.

కరీంనగర్_టు_కోవెంట్రీ
జనవరి 9, రాత్రి 10:30

అన్నా, మాది కూడా గిదే కథ, అమ్మానాన్న లేకుండనే. పాత బాయిలర్ ఉన్నప్పుడు హాల్ ఒక్కటే వేడి చేసుకునేటోళ్లం, బెడ్‌రూంల చలికోటు ఏసుకుని పండుకునేది. కొత్తది వచ్చినంక "ఏ రేటింగ్ కదా, ఏం ఖర్చయితది" అని అన్ని రూములూ ఓపెన్. మా ఎకనామిక్స్ సారు చెప్పిండు, జెవన్స్ అనే ఆయన 1865లనే బొగ్గు గురించి ఇదే రాసిండట. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో నడిస్తే బొగ్గు మిగలదు, ఇంకా ఎక్కువ యంత్రాలు పెడతరు అని. మా ఇంట్ల యంత్రం ఒక్కటే, రేడియేటర్లు తొమ్మిది.

పైపులపంతులు
జనవరి 10, సాయంత్రం 7:20

ఓపిక ఉన్నవాళ్లు చదవండి, కాస్త పొడుగు.

మన ఊళ్లల్లో రాగి బాయిలర్ గుర్తుందా? నడుమ గొట్టం, అందులో బొగ్గులో కొబ్బరి డొక్కలో వేస్తాం, చుట్టూ నీళ్లు కాగుతాయి. పైన గొట్టం మూతి దగ్గర చెయ్యి పెడితే చుర్రుమనేది. అదంతా మనం కొన్న వేడే, ఆకాశానికి పోయేది. 2002 నాటి గ్యాస్ బాయిలర్ కూడా ఆ జాతిదే.

గ్యాస్ కాలితే వేడితో పాటు నీటి ఆవిరి పుడుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాస్‌కి ఒకటిన్నర లీటర్ల పైచిలుకు నీరు. ఆ ఆవిరి మళ్లీ నీళ్లుగా మారేటప్పుడు, తను ఆవిరి కావడానికి మింగిన వేడిని కక్కుతుంది. గ్యాస్‌లోని మొత్తం శక్తిలో అది పదో వంతు దాకా ఉంటుంది. దాన్ని పట్టుకునేదే కండెన్సింగ్ బాయిలర్. ఇంగ్లండులో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ ఇవే కావాలన్న నిబంధన ఉంది.

అయితే ఆవిరి నీరు కావాలంటే దానికి చల్లటి చోటు తగలాలి. ఆ చల్లటి చోటు ఏమిటంటే, మీ రేడియేటర్లన్నీ తిరిగి బాయిలర్‌లోకి వచ్చే నీళ్లు. అవి 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే పని మొదలవుతుంది. 45కి దిగితే చక్కగా సాగుతుంది. మీరు రేడియేటర్లకి నీళ్లని 75లో పంపిస్తున్నారు. తిరిగొచ్చేటప్పటికి 60, 65 ఉంటుంది. ఆవిరి ఆవిరిగానే గోడ బయటికి పోతోంది. అంటే మీరు కండెన్సింగ్ బాయిలర్ కొన్నారు కానీ అది కండెన్స్ చేయడం లేదు. స్టిక్కర్ మీద 92 శాతం ఉండొచ్చు, నడిచేది 85 శాతం దగ్గర.

చూసుకోవడం తేలిక. బాయిలర్ నుంచి ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు బయట డ్రెయిన్‌లోకి వస్తుంది. హీటింగ్ అరగంట నడిచాక వెళ్లి చూడండి. నీళ్లు కారుతూ ఉండాలి. బొట్టు బొట్టుగా ఎప్పుడో పడుతుంటే మీ పదో వంతు అక్కడే పోతోంది. పైపు ఊడదీసి చూడకండి, పొగని అడ్డుకునే లోపలి ట్రాప్ కదిలితే పొగ ఇంట్లోకి రావచ్చు. బాయిలర్ ముందు మూత కూడా మీరు తెరవకూడదు, అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) ఉన్నవాళ్ల పని.

రెండోది, 30 కిలోవాట్లు. మీ ఇంటికి చలి దినాన ఆరేడు కిలోవాట్లు చాలు. మరి ముప్పై ఎందుకు? షవర్ కోసం. కాంబిలో నీళ్లు పారుతుండగానే వేడెక్కాలి కాబట్టి పెద్ద మంట కావాలి. తప్పు లేదు, కానీ హీటింగ్‌కి కూడా ఆ పెద్ద మంటే వెలిగితే, రెండు నిమిషాల్లో నీళ్లు 75 దాటి ఆరిపోతుంది. కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. ఒక గంట కూర్చుని ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి.

మూడోది, థర్మోస్టాట్. 2018 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో కాంబి పెడితే బయటి చలిని బట్టి నీటి వేడిని సర్దే ఏర్పాటో, స్మార్ట్ కంట్రోలో, ఇలా నాలుగు రకాల్లో ఒకటి ఉండాలి. చాలామంది స్మార్ట్ థర్మోస్టాట్ తగిలించి, దానికీ బాయిలర్‌కీ మధ్య ఉత్త ఆన్, ఆఫ్ వైరే కలుపుతారు. కాగితం మీద నిబంధన పాటించినట్టే. బాయిలర్‌కి మాత్రం "వెలుగు, ఆరు" తప్ప ఇంకేమీ వినపడదు.

ఎడిసన్_ఎన్నారై (న్యూజెర్సీ)
జనవరి 10, రాత్రి 11:55

పంతులు గారు చెప్పింది అక్షరాలా మాకూ జరిగింది. మాది కాస్ట్ ఐరన్ రేడియేటర్ల పాత ఇల్లు. 95 శాతం అన్న బాయిలర్ పెట్టించాం, రెండు శీతాకాలాలు బిల్లు కదల్లేదు. మూడో ఏడు బేస్‌మెంట్ సర్దుతుంటే యూజర్ మాన్యువల్ కవర్లో చిన్న డబ్బా దొరికింది. బయట ఉష్ణోగ్రత చూసే సెన్సర్, సీల్ కూడా తీయలేదు! అది లేక బాయిలర్ ఎండాకాలం వచ్చేస్తున్నా 180 ఫారెన్‌హీట్ నీళ్లే పంపుతోంది. వైర్ కలిపించాక మామూలు రోజుల్లో 130 దగ్గర నడుస్తోంది. ఆ పాత రేడియేటర్లు ఎంత పెద్దవంటే ఆ వేడే ఎక్కువ.

చలిమంట
జనవరి 11, మధ్యాహ్నం 2:30

శనివారం కదా, కాఫీ పెట్టుకుని కూర్చున్నాం నాన్నా నేనూ. గంటలో పదకొండు సార్లు వెలిగి ఆరింది. డ్రెయిన్ దగ్గర పైపు పొడిగా ఉంది, మధ్యలో రెండు బొట్లు. రాగి బాయిలర్ పోలిక చెబితే నాన్నకి మొత్తం అర్థమైపోయింది. నాకన్నా త్వరగా.

లీడ్స్_లేత_ఎండ
జనవరి 11, సాయంత్రం 4:00

ఆ పైపు సంగతి ఇంకోటి. మాది మొన్న గడ్డకట్టి బాయిలర్ గుడగుడమని ఆగిపోయింది. గోరువెచ్చటి నీళ్లు పైపు మీద పోస్తే వదిలింది. మరిగే నీళ్లు పోయకండి, పగులుతుంది. బయట ఉన్న ముక్క సన్నగా ఉంటే లావుది వేయించి తొడుగు వేయించుకోండి.

చలిమంట గారూ, స్నానాల మాట ఎవరూ అడగలేదు. సిలిండర్ తీసేశారన్నారు కదా?

చలిమంట
జనవరి 11, సాయంత్రం 4:40

అమ్మో. అవును. సిలిండర్ ఉన్నప్పుడు మా పెద్దవాడు పది నిమిషాల్లో వచ్చేసేవాడు, నీళ్లు చల్లబడతాయి కాబట్టి. ఇప్పుడు ఇరవై నిమిషాలు పాడుకుంటూ...

పైపులపంతులు
జనవరి 11, రాత్రి 9:15

నిమిషానికి పది లీటర్లు, ఇరవై నిమిషాలు, అంటే 200 లీటర్లు. కుళాయి నీళ్లని 35 డిగ్రీలు పైకి ఎక్కించాలంటే బాయిలర్ నష్టంతో కలిపి తొమ్మిది యూనిట్ల గ్యాస్. ఒక పాట కచేరీ దాదాపు 60 పెన్నీలు. కాంబిలో వేడినీళ్లకి అడుగు ఉండదు, అదే దాని గొప్పా అదే దాని రోగమూ.

ఇంకా, కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని లోపల కాస్త నీటిని ఎప్పుడూ కాచి ఉంచే ప్రీహీట్ ఒకటి ఉంటుంది. కంఫర్ట్ అని రాసి ఉంటుంది. దాన్ని ఎకోకి మార్చండి. వేడినీళ్లు కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తాయి, అంతే.

గుడ్డి లెక్క చెబుతాను, పట్టుకుని కోర్టుకి వెళ్లకండి. పోయిన 1,400లో సగం, అంటే 700 దాకా, 19 నుంచి 22కి, ఏడు గంటల నుంచి పదహారు గంటలకి పెరిగిన వెచ్చదనం. అది నష్టం కాదు, మీరు కొనుక్కున్న సుఖం. పాత బాయిలరే ఉండి ఉంటే దానికి ఇంకా ఎక్కువ కట్టేవారు. ఒక 300 కండెన్స్ కాకపోవడం, మాటిమాటికీ వెలగడం. మిగతా 400 షవర్లు, ఇంట్లో పెరిగిన ఇద్దరు మనుషులు.

ఏం చేయాలంటే, రేడియేటర్ అంకె 75 నుంచి 55కి దించండి. వేడినీళ్ల అంకె వేరు, దాన్ని 48, 50 దగ్గర ఉంచుకోండి. సిలిండర్ ఉన్నవాళ్లు మాత్రం నా మాట విని అన్నీ దించేయకండి, నిలవ నీళ్లు 60కి కాగకపోతే లెజియొనెల్లా పురుగు పెరుగుతుంది. 55లో గది మెల్లగా వేడెక్కుతుంది, మీరెలాగూ రోజంతా నడుపుతున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. ఏదైనా గది చాలకపోతే అక్కడి రేడియేటర్ చిన్నదని అర్థం. రేడియేటర్ మీద రాసే కిలోవాట్లు నీళ్లు గది కన్నా 50 డిగ్రీలు వేడిగా ఉన్నప్పటివి. తేడా 30కి దిగితే అది సగమే ఇస్తుంది.

పెట్టినాయన్ని పిలిచి హీటింగ్‌కి వాడే గరిష్ఠ మంటని తగ్గించమనండి. మెనూలో అయిదు నిమిషాల పని.

హౌన్స్‌లో_వాడు
జనవరి 11, రాత్రి 10:00

రేట్లన్న నేను వెనక్కి తీసుకుంటున్నాను. మాది చూస్తే 80లో ఉంది, ఇప్పుడే దించాను.

చలిమంట
ఫిబ్రవరి 2, ఉదయం 10:20

ఆలస్యంగా వస్తున్నాను. పెట్టినాయన మొదట "75 ఫ్యాక్టరీ సెట్టింగ్, మార్చకూడదు" అని గొణిగాడు. మాన్యువల్‌లో పేజీ చూపిస్తే వచ్చి హీటింగ్ మంట 12 కిలోవాట్లకి దించి, డబ్బులు అడక్కుండా వెళ్లాడు. 55 పెట్టాక హాల్, మా గది బాగున్నాయి. అమ్మ పడుకునే వెనక గది చల్లబడింది. అక్కడ ఒంటి పలక రేడియేటర్. హాల్ రేడియేటర్ల కింది వాల్వులు కాస్త బిగించి నీళ్లు ఆ వెనక గదికి మళ్లిస్తే కొంత నయమైంది, చాల్లేదు. పోయిన వారం దాని స్థానంలో రెండు పలకలది వేయించాను. ఇప్పుడు ఇంట్లో అన్నిటికన్నా వెచ్చటి గది అదే.

చలి దాదాపు ఒకేలా ఉన్న రోజులే ఏరి చూశాను. జనవరిలో మార్చక ముందు రోజుకి సగటున 84 యూనిట్లు, ఇప్పుడు 72. థర్మోస్టాట్ 22లోనే ఉంది. గంటకి మూడు సార్లే వెలుగుతోంది. పెద్దవాడి షవర్ ఇరవై నుంచి పద్నాలుగు నిమిషాలకి దిగింది, దాని మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

పైపు ఇప్పుడు బాగా కారుతోంది. నాన్న రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక తలుపు తీసి, కాసేపు అక్కడే నిలబడి చూసి, "కారుతోందిరా" అని నాకు చెబుతున్నారు.

మిల్టన్‌కీన్స్_మావయ్య
ఫిబ్రవరి 2, ఉదయం 11:05

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. ఆ తలుపు మాత్రం వేసేయమను.